నవలాకారుని రెండు శంకలు
(వట్టికోట ఆళ్వారుస్వామి స్మారకోపన్యాసము)

ఒకవైపు కాపురాల గుట్టయు, వేరొకవైపు లతీఫ్ సాహెబు గుట్టయు కావలి కాయుచుండ నడుమ వెలసిన యీ నల్లగొండ పట్టణమునకు నేను మొదటిసారి వచ్చినది పుస్తకము కొరకు కాదు. మా నాయన వెంట కచ్చేరీలో పహాణీ నకలు తీసికొనుటకు వచ్చితిని. 1922లో శబ్నవీసు వేంకటరామ నరసింహారావుగారు ఈ యూరినుండియే నీలగిరి పత్రికను నడపిరని నాకు నాడు తెలియదు. మాకు చదువు చెప్పినవారిలో ఒక్కరును ఆ మాట చెప్పలేదు. ఈ చిన్న విషయమును మీరు జ్ఞాపకముంచుకొనవలెనని ప్రార్థించుచున్నాను; నేటి ప్రసంగములో దీనితో పని కలదు.

మనమెవరి స్మృత్యర్థము సమావేశమైతిమో ఆ వట్టికోట ఆళ్వారుస్వామిగారు 1915 నవంబరు 1వ తేదీన నకిరేకల్లు సమీపమున చెరువు మాధవరమున జన్మించిరి. బాల్యముననే తండ్రిని గోల్పోయి, ఒక ఉపాధ్యాయునికి వంటచేసి పెట్టుచు ఆయన వెంట ఊరూర తిరిగి అక్షరములు నేర్చుకొనిరి. బెజవాడలో హోటలున వడ్డన చేసిరి. హైదరాబాదు చేరి గోల్కొండ పత్రికలో అచ్చుప్రతులు దిద్దిరి. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, అచ్చువేసిన పుస్తకములను తామే మోసికొనిపోయి గడపగడపకు అమ్మిరి. ప్రజాసేవ చేసినందులకు సంవత్సరములకొలది కారాగారముల నుండిరి. 1961 ఫిబ్రవరి 5వ తేదీన, నలువదియైదేండ్ల ప్రాయముననే, మనలను విడిచిపోయిరి. దాశరథి కృష్ణమాచార్యులవారు తమ అగ్నిధారను వీరికే అంకితము చేసిరన్న ఒక్క మాట చాలును, నాటి యువకులు వీరియెడ నెట్టి గౌరవము నెరపిరో తెలియుటకు.

ఉద్యమకారునిగను ప్రచురణకర్తగను వారిని స్మరించిన ఉపన్యాసములు పూర్వము పెక్కు జరిగినవి. నేను ఆ పెద్దపనికి పూనుకొనను. నవల వ్రాసిన మనిషిగా మాత్రమే వారిని తలచి, నవల వ్రాయువానిని లోపలినుండి తొలుచు శంకను గూర్చి నాకు తెలిసిన నాలుగు మాటలు చెప్పెదను.

ఒకటి

నా అనుభవమున నవల వ్రాయువానిని పట్టుకొను శంకలు రెండు. మొదటిది 'ఈ పనికి నేను తగుదునా' యనునది. రెండవది 'ఈ పుటలో నున్నది నిజమా' యనునది. తెల్లవారుజామున, కాగితముపై చేయి యాగిపోయి, ఇంటిలోని వారందరు నిద్రించుచుండగా మనమొక్కరమే మేలుకొనియున్న వేళ రెండును కలిసియే వచ్చును గనుక, వచ్చినవారు ఇద్దరని తెలియక ఒక్కరేయని భ్రమపడుదుము. ఆ భ్రమలోనే ఎన్నియో మంచి నవలలు ఇనుపపెట్టెలలో అణగిపోయినవి.

ఇది నవలకే యేల, పద్యమునకు కథకు లేదా యని మీరడుగవచ్చును. కలదు, కాని పద్యకారునికి సభ కలదు. ఉదయమున కట్టిన పద్యమును సాయంకాలము పదిమంది నడుమ చదువగా, తల యూపినవారి తలలును ఊపనివారి తలలును కంటికి కనబడును. కథ వారము పదిదినముల పని. నవల యన్ననో, నాలుగేండ్లు, ఏడేండ్లు, ఒక్కొక్కప్పుడు పదియేండ్లు. అంతకాలమును వ్రాయువాని పక్కన సాక్షి యనువాడు ఉండడు. ఏతామెత్తు రైతునకైనను బొక్కెన పైకి వచ్చినపుడెల్ల నీరు కనబడును. నవలాకారుడు అడుగు కనబడని బావిలోనికి ఏండ్లతరబడి త్రాడు విడుచుచునే యుండవలెను. విశ్వనాథ సత్యనారాయణగారు వేయిపడగలను ఇరువదితొమ్మిది దినములలో చెప్పి వ్రాయించిరని ప్రసిద్ధి. అట్టి ధార కలవారికి నా మాటలతో పని లేదు. వారికి నమస్కరించి, త్రాడు పట్టుకొని నిలిచిన తక్కినవారితో మాటలాడుచున్నాను.

మొదటి శంకకు సమాధానము లేదు. నీవు తగుదువని ఊరివారందరు చెప్పినను, పతకము మెడలో వేసినను, మరునాటి తెల్లవారుజామున అది మరల వచ్చి తలవైపు కూర్చుండును. రెండవ శంకకు సమాధానము కలదు. ఆ పుటలోని సంగతి నిజమగునో కాదో చెప్పగలవారు ఎచ్చటనో ఒకచోట ఉందురు. లేచి, చెప్పులు తొడుగుకొని, వారి గడపకు పోయి అడిగినచో చెప్పుదురు. మొదటి శంకను చంపబూనక దానిని రెండవ శంకగా మార్చుకొనుటయే నవలాకారుని సాధన యని నా విన్నపము. నేటి ప్రసంగమంతయు ఈ యొక్క మాటకే విస్తరము.

రెండు

ఈ మార్పు మన ప్రాంతమువారికి తక్కినవారికంటె కష్టతరమైనది. ఏలయనగా 'తగుదునా' యను శంక మనకు స్వయముగా పుట్టినది కాదు. పట్టాభూమివలె, అప్పువలె, తాతలనుండి సంక్రమించినది.

1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినీ భవనమున, మహర్షి కర్వే అధ్యక్షతను జరిగిన సంఘసంస్కార సభలో, ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడుటకు లేచినపుడు సభలోనివారు గేలిచేసి చప్పట్లు చరచిరి. ఆ యవమానమునుండియే ఆంధ్ర జనసంఘము పుట్టినదని చరిత్రకారులు చెప్పుదురు, అది సత్యము. అయితే సంఘము పెట్టిన కొలదిమందిని గూర్చి చరిత్ర వ్రాయబడినదే కాని, ఆ చప్పట్లు విని 'మన మాట నలుగురిలో ఆడదగినది కాదు కాబోలు' నని మనసున ముడివేసికొని ఇంటికి పోయినవారిని గూర్చి యెవ్వరును వ్రాయలేదు. వారి పిల్లలు ఉర్దూలో చదువుకొనిరి. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనాభాష ఉర్దూ. ఉర్దూ మధురమైన భాష. అందు నాకు నిరసన లేదు. మా నాయన లెక్కలన్నియు ఉర్దూలోనే వ్రాసికొనెడివాడు. కాని ఇంటిలో నొక భాష, బడిలో నొక భాష, కచ్చేరీలో నొక భాషయైనపుడు, అమ్మతో ఆడు మాట కాగితమున కెక్కదగదను భావము పిల్లవానికి ఎవ్వరును చెప్పకయే తెలిసిపోవును. నీలగిరి పత్రికను గూర్చి మా గురువులు ఒక్కరును చెప్పకపోవుట నాకు ఇచ్చటనే జ్ఞాపకము వచ్చును.

తరువాత తెలంగాణమున కవులు పూజ్యమని యొకరు వ్రాసిరి. ఆ మాటకు పాలమూరు బిడ్డ సురవరము ప్రతాపరెడ్డిగారు చేసిన ప్రత్యుత్తరము మీరెరుగనిది కాదు: 1934లో గోల్కొండ కవుల సంచిక, అందు 354 మంది కవులు. ఈ సంఖ్యను మనము గర్వముతో వల్లించుచుందుము. నన్నడిగినచో గర్వించదగినది సంఖ్య కాదు, రెడ్డిగారు చేసిన పని తీరు. ఆయన 'మేము తగుదుము' అని వాదింపలేదు. ఆ వాదమునకు అంతములేదని ఎరిగి, 'ఉన్నారా లేరా' యను ప్రశ్నగా దానిని మార్చి, ఊరూరికి జాబులు వ్రాసి, ఉన్నవారిని ఎంచి చూపెను. ఇది యొక జాతి తన మొదటి శంకను రెండవ శంకగా మార్చుకొన్న ఘట్టము. ఆయనయే పిమ్మట ఆంధ్రుల సాంఘిక చరిత్ర వ్రాయుచు రాజుల యుద్ధములను ప్రక్కకు నెట్టి, జనులు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ ఆటలాడిరి యని కావ్యములను తరచి తరచి అడిగెను. నవలాకారుడు ప్రతిదినము అడుగవలసిన ప్రశ్నలు అవియే కదా!

మూడు

ఆ రెడ్డిగారి గోల్కొండ పత్రికా కార్యాలయములోనికే మాధవరపు కుర్రవాడు ప్రూఫులు దిద్దుటకు వచ్చి చేరెను. పాలమూరును నల్లగొండయు ఒక బల్లచుట్టు కూర్చున్న ఆ దృశ్యమును తలచుకొన్నపుడెల్ల నాకు కన్నులు చెమర్చును.

ఆళ్వారుస్వామిగారి జీవితమున వరుసను గమనింపుడు. పట్టము లేదు, పరీక్షలు లేవు, వెనుక ఆస్తి లేదు. 'తగుదునా' యను ప్రశ్న వేసికొనినచో 'తగవు' అని చెప్పుటకు లోకమున కన్ని సాక్ష్యములును సిద్ధముగా నున్నవి. వారు నవలతో మొదలుపెట్టలేదు. ముందు చదివిరి. పిమ్మట ఇతరుల వ్రాతలోని తప్పులు దిద్దిరి. పిమ్మట ఇతరుల పుస్తకములను అచ్చువేసి భుజమున మోసికొనిపోయి అమ్మిరి. పుస్తకము మోసి అమ్మినవానికి ఒక జ్ఞానము కలుగును, పండితునకది దుర్లభము: ఏ గడపలో ఎట్టివాడు ఏ పుస్తకమును తాకిచూచి ధర విని మరల సంచిలో పెట్టునో, ఏ గృహిణి పోపులడబ్బాలోని చిల్లర తీసి కొనునో, అది ఆయనకు కంఠస్థము. పాఠకుడనగా ఆయనకు ఊహ కాదు, గుమ్మములో నిలిచిన మనిషి.

పిమ్మట కారాగారము. నిజామాబాదు జైలులో వారును దాశరథిగారును సహబందీలు. దాశరథిగారు బొగ్గుతో జైలుగోడపై పద్యములు వ్రాసిన కథ మన ప్రాంతమున పిల్లలకు కూడ తెలియును. అది సాహసగాథ, దానిని చెప్పుకొనవలసినదే. కాని నవలాకారునిగా నా దృష్టి గోడమీది పద్యమునుండి గోడప్రక్క కూర్చున్న ఖైదీల వైపు మరలును. రాజకీయ ఖైదీ యగు ఆళ్వారుస్వామిగారు దొంగతనమునకు, హత్యకు శిక్షపడినవారి పక్కన కూర్చుండి వారి కథలు వినిరి. ఆ వినికిడినుండి 'జైలు లోపల' కథలు పుట్టినవి. ఉన్నవ లక్ష్మీనారాయణగారును మాలపల్లిని జైలులోనే వ్రాసిరి. అయితే ఉన్నవవారు జైలులో కూర్చుండి బయటి పల్లెను చూచిరి, ఆళ్వారుస్వామిగారు జైలునే పల్లెవలె చూచిరి. ఈ భేదము నాకెంతో విలువైనదిగా తోచుచున్నది. నేరస్థునిగూర్చి కథ వ్రాయువానికి 'ఇది నిజమా' యను శంక వచ్చినపుడు అడుగదగినవాడు చేయిచాపు దూరములో నుండెను, ఆయన అడిగెను.

ఇంత జరిగిన పిమ్మట, నలువదేండ్ల ప్రాయమున, 1955లో, 'ప్రజల మనిషి' వెలువడినది. దిమ్మగూడెమను పల్లె, దేశముఖు రామభూపాలరావు, ఆయన నెదిరించి నిలుచు కంఠీరవము, వెట్టిచాకిరి, గ్రంథాలయోద్యమము, ఆంధ్రమహాసభ, ఇవన్నియు అందు కలవు. అందు శిల్పలోపములు కలవని విమర్శకులు చెప్పుదురు. కొన్ని చోట్ల పాత్రలు ఉపన్యసించునని నేనును అంగీకరింతును. అయినను ఆ నవలలోని పల్లెకు పోయి నిలుచున్నచో ఎవరింటి ముందు ఎవరు చెప్పులు విడువవలెనో నాకు తెలియును. అది ఊహించి వ్రాయుటకు వీలగునది కాదు.

ఆ సంవత్సరమే, 1955లోనే, సురవరమువారి సాంఘిక చరిత్రకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది, తెలుగున మొదటిది. రెడ్డిగారు అప్పటికి రెండేండ్లక్రిందటనే దివంగతులైరి. ఆ సంవత్సరమే డిసెంబరు 10వ తేదీన నందికొండయొద్ద నాగార్జునసాగరమునకు నెహ్రూగారు శంకుస్థాపన గావించిరి. ఈ మూడవ విషయము నన్ను నా సొంత కథకు తీసికొనిపోవుచున్నది.

నాలుగు

మా ఊరు డిండి వాగు ఒడ్డున కలదు; ఈ ఒడ్డు నల్లగొండ, ఆ ఒడ్డు పాలమూరు. నా చిన్ననాట వేసవి వచ్చినదనగా మా వాడలో ఇండ్లకు తాళములు కనబడెడివి. గుంపుమేస్త్రి వచ్చి అడ్వాన్సు పంచి పోయెడివాడు. పిదప ఒక రాత్రి లారీ వచ్చెడిది. తెల్లవారుసరికి బడిలో నా పక్కన కూర్చుండువాడు లేడు. దేశములో నెన్ని ఆనకట్టలకు, కాలువలకు పాలమూరు కూలీలు రాళ్లు మోసిరో లెక్కలేదు. మోసినవారి పొలములకు మాత్రము నీరు రాలేదు. నలువదియొకటవ యేట, బడిపంతులు పని చేసికొనుచు, ఈ సంగతిని నవలగా వ్రాయబూనితిని. ముగియుటకు పదునొకండు సంవత్సరములు పట్టినది.

మొదటి మూడేండ్లు ఉత్సాహముతో గడచినవి. రెండువందల నలువది పుటలైనవి. ఒక పత్రికకు పంపితిని. నాలుగు నెలలకు కట్ట తిరిగివచ్చినది. దానితో మర్యాదగా వ్రాసిన జాబు కలదు. ఇతివృత్తము మంచిదనియు, భాష పాఠకులందరికి అందదనియు, మార్చి పంపినచో పరిశీలింతుమనియు దాని సారాంశము. ఆ పత్రిక పేరు చెప్పుట ధర్మము కాదు. వారికి తోచినది వారు వ్రాసిరి. నా తప్పు వేరుగా నున్నది. నేను ఆ జాబును నమ్మితిని. ఒక సంవత్సరము పాటు కూర్చుండి ఆ రెండువందల నలువది పుటలను మరల వ్రాసితిని. సర్వ గిన్నెయైనది, సద్ది చద్దన్నమైనది, అవ్వ నాయనమ్మయైనది. వ్రాసి చదువుకొనగా వాక్యములు చక్కగా నడచుచున్నవి, కాని అందు మా ఊరివారు ఒక్కరును లేరు. ఎవరో కృష్ణాతీరమువారు మా వాళ్ల చొక్కాలు తొడుగుకొని తిరుగుచున్నట్లు తోచినది. 1921 నాటి చప్పట్లు నా చెవిలో ఇంకను మ్రోగుచున్నవని నాకప్పుడు తెలిసినది. కట్టను ఇనుపపెట్టెలో పెట్టి, పైన పాత దుప్పట్లు వేసి మూసితిని. రెండేండ్లు తెరువలేదు.

ఆ రెండేండ్లను గూర్చి చెప్పవలెను; మీలో ఆ పెట్టె కలవారు కొందరుందురు గనుక. వ్రాయుట మానినచో శంకయు మానునని నేననుకొంటిని. మానలేదు. అది బడికి వచ్చినది, సంతకు వచ్చినది, పెండ్లిళ్లలో పక్కన కూర్చుండి భోజనము చేసినది. ఎవరైన నవల వెలువరించినారని విన్ననాడు జ్వరము వచ్చినట్లుండెడిది. నా భార్య ఒకనాడు, ఏమియు అనక, ఆ పెట్టె మీది దుప్పట్లు తీసి ఎండవేసి, మరల పెట్టెమీద పెట్టక వేరుచోట పెట్టినది. అంతే. ఆమె చేసినది నాకర్థమగుటకు వారము పట్టినది.

పెట్టె తెరచి, మార్చిన ప్రతిని ప్రక్కనుంచి, మొదటి ప్రతినుండి ఒక ప్రకరణము తీసికొని మా వాడలో ఒక అవ్వ యొద్దకు పోయితిని. ఆమె కొత్తకోడలుగా నందికొండ పనికి పోయినది. పిమ్మట పెనిమిటితో బొంబాయి వైపు కాలువ పనులకు పోయినది. పిమ్మట పెనిమిటి లేకయే పోయినది. నేను చదివినది లారీ ఎక్కు రాత్రి ఘట్టము. అందు నేను ఏడ్పులు పెట్టియుంటిని. తల్లులు పిల్లలను కౌగిలించుకొని విలపించుటయు, కుక్క లారీ వెంట పరుగెత్తుటయు, చంద్రుడు మబ్బులలో మరుగగుటయు వ్రాసియుంటిని. ఆ పుటలు వ్రాసిననాడు నా కన్నులనుండి నీరు వచ్చినది. కావున అవి గొప్పవని నమ్మియుంటిని.

అవ్వ తుదివరకు విని, కొంగుతో మోకాలు తుడుచుకొని, ఇట్లనినది: "గట్ల ఏడ్వలేదు బిడ్డా. ఏడ్సేటందుకు యాళ్ల ఏడిది? లారీ ఎక్కేటప్పుడు సర్వలు లెక్కవెట్టుకున్నం. ఎవల గంప ఎవలది, గడ్డపారలు ఎన్ని, చాటలు ఎన్ని, గది సూసుకున్నం. పోరన్ని మా అత్త కాడ ఇడ్సిన. ఆడు నిద్రవోతుండె, లేపలే."

"మరి ఏడుపు రాలేదా అవ్వా?" అని అడిగితిని.

ఆమె కొంతసేపు ఊరకుండి, "అచ్చింది. ఆడికి పోయినంక, మొదటి రాతిరి. పొయ్యి ముట్టిచ్చి గటుక చేస్తుంటే ఉప్పు మర్సిపోయినమని తెలిసింది. గప్పుడు ఏడ్సిన. అందరం ఏడ్సినం. ఉప్పు కోసం ఎవలన్న ఏడుస్తరా సారూ?" అనినది.

సోదరులారా, నేను ఇంటికి వచ్చి ఆ ప్రకరణమును కొట్టివేసితిని. కొట్టివేయుచుండగా నాకు దుఃఖము కలుగలేదు. అంతవరకు నా వ్రాతను ఎవరైన తప్పుపట్టినచో మూడు దినములు అన్నము సయించెడిది కాదు; ఆ రాత్రి మాత్రము ఆకలి వేసినది. కారణమేమని పిదప ఆలోచించితిని. అవ్వ నన్ను తూచలేదు. నేను తగుదునో తగనో ఆమెకు పట్టలేదు. ఆమెకు తెలిసినది సర్వల లెక్క, ఉప్పు సంగతి. ఆమె పుటను మాత్రమే తప్పనినది. పుట తప్పైనచో దిద్దవచ్చును. మనిషి తప్పైనచో ఏమి చేయగలము?

అప్పటినుండి నాకొక నియమమేర్పడినది. 'తగుదునా' యను శంక వచ్చినపుడు దానితో వాదింపను. ఆ దినము వ్రాసిన పుటలో నాకు తెలియక నింపిన చోటు ఏది యని వెదకుదును. అది తప్పక యుండును. రాతి పనిలో సుత్తి దెబ్బ ఏ చేతికి తగులును? అడ్వాన్సు లెక్క తెగనపుడు మరుసటి యేటికి ఎట్లు మోయుదురు? డేరాలో కాన్పు వచ్చినచో ఎవరు చూతురు? ఇట్టి ప్రశ్నలు నోటుపుస్తకమున వ్రాసికొని ఆదివారము బయలుదేరెడివాడను. నల్లగొండ పల్లెలలో ఫ్లోరైడు నీటివలన ఎముకలు వంగినవారు కొందరు, పనికి పోలేక, పనికి పోయినవారి పిల్లలను కనిపెట్టుకొని యుండిరని నాకు అట్టి ఆదివారములలోనే తెలిసినది. అది నా నవలలో సగము కథయైనది. ఇంటిలో కూర్చుండి శంకించుచు నుండినచో అది నాకెన్నటికిని తెలియకుండెడిది.

భాష సంగతి కూడ అట్లే తెగినది. అవ్వ మాటను మార్చినచో ఆమెకు చదివి వినిపించుట కుదరదు. ఆమెకు వినిపింపరానిది నాకు అక్కరలేదు.

ఐదు

ఈ శంకలతో లోకమున ఇతరులు ఏమి చేసిరో ఒకటి రెండు మాటలు. రుష్యా రచయిత గొగోల్ మహాశయుడు తన మృతజీవులు నవల రెండవ భాగమును 1852లో, మరణమునకు కొలదిదినములు ముందు, నిప్పులో వేసెను. ఆయన ప్రతిభను సందేహించువాడు లోకమున లేడు, ఆయన తప్ప. అమెరికా రచయిత స్టెయిన్‌బెక్ 1938లో, కరువుచే పొలములు గోల్పోయి కాలిఫోర్నియాకు వలసపోయిన రైతులను గూర్చి నవల వ్రాయుచు, ప్రక్కన వేరొక దినచర్య పుస్తకమునుంచుకొని తన శంకలన్నియు అందు వ్రాసికొనెను. శక్తి చాలదని వ్రాసికొనిన దినమున కూడ ఆ దినపు పుటలు ఆ దినము వ్రాసెను. ఐదు నెలలలో నవల ముగిసినది. అంతకు రెండేండ్ల ముందే ఆయన వలస కూలీల శిబిరములు తిరిగి పత్రికలో వ్యాసములు వ్రాసియుండెను. నవలను అంకితమిచ్చినవారిలో ఒకరు ఆయన భార్య, వేరొకరు ఆ శిబిరములను నడపిన అధికారి. పాలమూరు లారీయు ఆ దేశపు ఓటిమోటారును ఒకే త్రోవన పోయినట్లు నాకు తోచును.

శంకకు వేరొక పుస్తకము పెట్టుట మంచి యుపాయము. నేనును పెట్టితిని. అందు వ్రాసినది నవలలోనికి రాదు, నవలను ఆపదు.

ఆరు

ఇక గంగును గూర్చి.

ఆళ్వారుస్వామిగారు ప్రజల మనిషితో తృప్తిపడలేదు. ఆ కథాకాలమునకు తరువాతి తెలంగాణ జీవితమును చూపుటకు గంగు యను నవలను మొదలుపెట్టిరి. ఈసారి శీర్షికకు ఒక స్త్రీ పేరు. అది ముగియకముందే వారు పోయిరి. 1965లో అది అసంపూర్ణముగనే అచ్చైనది.

నేను గంగును మూడుసార్లు చదివితిని. మొదటిసారి చదివినపుడు, నా సొంత కట్ట పెట్టెలో నున్న కాలమది, ముగింపు లేని చోటికి వచ్చి పుస్తకము మూసి భయపడితిని: ఇంతటివారికే ముగియలేదు, నాకు ముగియునా యని. అది మొదటి శంక. నవల ముగించిన పిమ్మట చదివినపుడు నేను చూచినది వేరు. కథ తెగిపోయిన చోటికి ముందు పుటలలో కూడ తొందర కనబడదు. ఉద్యమములు, సంఘములు, ప్రచురణలు, సభలు, ఇన్ని పనుల నడుమ వ్రాయుచు కూడ, తుది పుటను వ్రాసిన చేయి మొదటి పుటను వ్రాసిన చేతివలెనే నిదానముగా నున్నది. ముగియునో ముగియదోయను చింత ఆ వాక్యములలో నాకు ఎచ్చటను తగులలేదు. నా మట్టుకు నాకు, తెలంగాణ నవలలో గంగు ప్రజల మనిషికంటె గొప్ప పాఠము. ఈ మాటను విమర్శకులు అంగీకరింపకపోవచ్చును, నేను మాత్రము విడువను.

ఆ పని అచ్చట ఆగలేదు. దాశరథి రంగాచార్యులవారు ఆ యోజనను తలకెత్తుకొని, తెలంగాణ జీవితమును నవలల వరుసగా చెప్పబూని, చిల్లర దేవుళ్లు, మోదుగుపూలు, జనపదము వ్రాసిరి. మన నల్లగొండ ఆడపడుచు ముదిగంటి సుజాతారెడ్డిగారును, మన బోయ జంగయ్యగారును తరువాత తమ తమ త్రోవల నవలలు వ్రాసిరి. ఒకరు విడిచిన చోట వేరొకరు పట్టుకొనిరి.

విద్యార్థులారా, ఉపాధ్యాయులారా, పెట్టె కలవారలారా! సభ ముగిసిన పిమ్మట నాయొద్దకు వచ్చి మీ వ్రాతప్రతులు చూపి, ఇది నవల యగునా, నేను వ్రాయగలనా యని అడుగుదురని నాకు తెలియును, ప్రతియూరను అడుగుదురు. నేను దానికి జవాబు చెప్పజాలను, మరెవరును చెప్పజాలరు. దానికి మారుగా మిమ్ములనొకటి కోరుచున్నాను. మీ ప్రతిలో ఎవరి బ్రతుకును గూర్చి వ్రాసితిరో వారిలో నొకరు ఇంకను సజీవులై యుందురు. ఈ ఆదివారము వారి యింటికి పోయి, ఒక్క ప్రకరణము చదివి వినిపింపుడు. మా అవ్వ పోయినేడు మార్గశిరమున గతించినది. నేను ఆమెకు నవలలో పదునేడు ప్రకరణములు మాత్రమే వినిపింపగలిగితిని. తక్కినవి తొమ్మిది ఉండిపోయినవి. మీరు ఆలస్యము చేయవలదు.